చేతి లెక్క – 3వ భాగం: చుక్క కింద చుక్క, లెక్కకు ముందు అంచనా

మొదటి భాగంలో స్థాన విలువ చూశాం. రెండో భాగంలో పూర్ణ సంఖ్యలను కూడాం, తీసేశాం. పది దాటినప్పుడు ఒకటి పక్క స్థానానికి పంపడం, చాలనప్పుడు పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం మీకు ఇప్పటికి అలవాటై ఉంటుంది. ఇవాళ దశాంశాలు వస్తున్నాయి. చాలామందికి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. కానీ ఈ పాఠంలో కొత్త సూత్రాలు పెద్దగా లేవు. పాతవాటినే చుక్కకు కుడివైపు కూడా వాడతాం, అంతే.

ఒక్క షరతు మాత్రం పెడుతున్నాను. ఈ పాఠంలో ఏ లెక్క చేసినా ముందు నోట్‌బుక్ అంచున పెన్సిల్‌తో మీ అంచనా రాయండి. ఆ తర్వాతే అసలు లెక్క మొదలుపెట్టండి. తొందరలో ఈ పని వదిలేయాలనిపిస్తుంది. దయచేసి వదలకండి. దశాంశాల్లో జరిగే తప్పులు ఎక్కువగా చుక్క తప్పుచోట పడటం వల్లే వస్తాయి. చుక్క ఒక స్థానం జరిగితే జవాబు పది రెట్లు మారిపోతుంది. అంత పెద్ద తేడాను పట్టుకోవడానికి ఉజ్జాయింపు అంచనా చాలు.

చుక్క చేసే పని

చుక్కకు ఎడమవైపు ఒకట్లు, పదులు, వందలు ఉంటాయని తెలుసు. కుడివైపు మొదటిది పదో వంతుల స్థానం, తర్వాతది వందో వంతులు, ఆ తర్వాత వెయ్యో వంతులు. ఎడమ నుంచి కుడికి ఒక్కో అడుగు వేస్తుంటే విలువ పదో వంతుకు తగ్గుతూ వస్తుంది. ఈ క్రమం చుక్క దగ్గర ఆగదు. 40లో 4 నలభై, 4లో 4 నాలుగు, 0.4లో 4 నాలుగు పదో వంతులు.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రొమేనియా జిమ్నాస్ట్ నాడియా కొమనెచి పదికి పది మార్కులు తెచ్చుకుంది. స్కోరుబోర్డు మీద మాత్రం 1.00 అని కనబడింది. ఆ బోర్డులో చుక్కకు ముందు ఒక అంకెకే చోటుంది, తర్వాత రెండింటికి. 9.99 దాకా చూపించగలదు కానీ 10.00 చూపించలేదు. అంకెలు అవే అయినా స్థానం మారగానే పది కాస్తా ఒకటైంది. దశాంశాలు నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది.

0.6, 0.45లలో ఏది పెద్దది? 45 ఆరు కన్నా పెద్దది కాబట్టి 0.45 పెద్దదని చాలామంది తడుముకోకుండా చెబుతారు. పదో వంతుల స్థానం చూడండి. ఒకదానిలో ఆరు, రెండోదానిలో నాలుగు. 0.6 పెద్దది. నమ్మకం కుదరకపోతే 0.6 చివర సున్నా చేర్చి 0.60 అని రాయండి. ఇప్పుడు 60, 45 పక్కపక్కనే కనిపిస్తాయి. చుక్క తర్వాత అంకెల చివర సున్నా చేర్చినా విలువ మారదు. ఈ సున్నాలతో ఇంకా చాలా పని ఉంది.

కూడిక

పూర్ణ సంఖ్యలు కూడేటప్పుడు కుడి అంచులు కలిసేలా ఒకదాని కింద ఒకటి రాస్తాం. అలా రాస్తే ఒకట్ల కింద ఒకట్లు వాటంతట అవే పడతాయి. దశాంశాల్లో ఈ అలవాటే దెబ్బతీస్తుంది. 3.6కు 0.47 కూడాలి. కుడి అంచులు కలిపి రాస్తే 6 కింద 7 పడుతుంది. ఆరు పదో వంతులకు ఏడు వందో వంతులను కలిపేసినట్టు. అది తప్పు. కలవాల్సింది అంచులు కాదు, చుక్కలు.

ముందు అంచనా: 3.6 దాదాపు మూడున్నర, 0.47 దాదాపు అర. మొత్తం నాలుగు దగ్గర ఉండాలి. ఇప్పుడు లెక్క:

3.60
+ 0.47
———
4.07

3.6 చివర సున్నా చేర్చాం కాబట్టి రెండు వరుసలూ ఒకే పొడవు అయ్యాయి. వందో వంతుల్లో 0, 7 కలిపితే 7. పదో వంతుల్లో 6, 4 కలిపితే 10, సున్నా వేసి ఒకటి చేతిలో. ఒకట్లలో మూడుకు ఆ ఒకటి కలిస్తే నాలుగు. జవాబులో చుక్క పై చుక్కల కిందే దిగుతుంది. 4.07 మన అంచనాకు దగ్గరగానే ఉంది.

పూర్ణ సంఖ్య కలిసినప్పుడు ఇంకో తడబాటు వస్తుంది. 12 + 0.85 + 3.4 తీసుకోండి. 12లో చుక్క కనిపించదు కానీ ఉంది, రెండు తర్వాత. కాబట్టి 12.00, 0.85, 3.40 అని రాసి కూడండి. అంచనా 12 + 1 + 3 = 16. జవాబు 16.25.

తీసివేత

దీనికీ అదే పద్ధతి: చుక్క కింద చుక్క, ఖాళీల్లో సున్నాలు. కూడికలో ఆ సున్నాలు రాయకపోయినా కొందరు నెట్టుకొస్తారు. తీసివేతలో కుదరదు, ఎందుకంటే అప్పు తెచ్చుకునే చోటు కనబడాలి.

రుతువులు ఒక చుట్టు తిరిగివచ్చే ఏడాది పొడవు సుమారు 365.2422 రోజులు. నాలుగేళ్లకోసారి లీపు సంవత్సరం పెట్టిన జూలియన్ క్యాలెండర్ దాన్ని 365.25గా లెక్కేసింది. తేడా ఎంత?

365.2500
− 365.2422
————
0.0078

0.25ను 0.2500 అని రాయకపోతే ఆ చివరి రెండు అంకెలను దేని నుంచి తీయాలో తెలియక ఆగిపోతాం. 0.0078 రోజు అంటే పదకొండు నిమిషాల పైచిలుకు. ఒక్క ఏడాదిలో ఇది ఎవరి కంటా పడదు. కానీ ఏటేటా చేరుతూ పోతే దాదాపు 128 ఏళ్లకు ఒక రోజు అవుతుంది. క్రీ.శ. 325లో క్రైస్తవ మతపెద్దలు జరిపిన నైసియా సభ నాటి వసంత విషువత్తు (వసంతంలో పగలు, రాత్రి దాదాపు సమానంగా ఉండే రోజు) తేదీని ఆధారంగా పెట్టుకుని, 1582లో పోప్ 13వ గ్రెగరీ క్యాలెండర్‌ను సరిదిద్దాడు. 1582 − 325 = 1257 ఏళ్లు. 1257ను 0.0078తో గుణిస్తే 9.8, అంటే సుమారు పది రోజులు. ఆ ఏడాది అక్టోబర్ 4 తర్వాతి రోజును అక్టోబర్ 15గా లెక్కపెట్టారు. సరిగ్గా పది తేదీలు తీసేశారు. దశాంశంలో నాలుగో స్థానం దాకా ఎందుకు పట్టించుకోవాలని అడిగేవారికి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

ఇక సున్నాల మీదుగా అప్పు. 5 − 2.37 చేయాలంటే 5.00 నుంచి అప్పు రెండు సున్నాలు దాటి రావాలి. ఈ పద్ధతి మీకు రావాలి, కానీ రోజూ దానితోనే కుస్తీ పట్టనక్కర్లేదు. రెండు సంఖ్యల నుంచీ సమానంగా తగ్గిస్తే తేడా మారదు. రెండింటి నుంచీ 0.01 తీసేయండి. 5.00 కాస్తా 4.99 అవుతుంది, 2.37 కాస్తా 2.36 అవుతుంది. 4.99 − 2.36 = 2.63. ఎక్కడా అప్పు లేదు. 1000 − 637 కూడా అంతే: 999 − 636 = 363.

మనసులో చేసేటప్పుడు నాకు ఇంకా ఇష్టమైన దారి ఎక్కుతూ పోవడం. 2.37 నుంచి 2.40కి 0.03, అక్కడి నుంచి 3కి 0.60, 3 నుంచి 5కి 2. మొత్తం 2.63. తీసివేత అంటే రెండు సంఖ్యల మధ్య దూరం అన్న సంగతి ఈ పద్ధతిలో కళ్లకు కడుతుంది.

ఏ దారిలో చేసినా సరిచూసుకోవడం ఒకటే: వచ్చిన జవాబును తీసేసిన సంఖ్యతో కూడండి, మొదటి సంఖ్య రావాలి. 2.63 + 2.37 = 5.00.

దగ్గరి విలువకు సవరించడం

రౌండ్ చేయడం అని మనం రోజూ అనేది ఇదే. ఏ స్థానానికి సవరించాలో ఆ అంకెను గుర్తించి, దానికి కుడిపక్క అంకెను మాత్రమే చూడండి. అది 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే ముందు అంకెకు ఒకటి కలపాలి, 4 లేదా తక్కువైతే అలాగే ఉంచాలి. ఎవరెస్టు ఎత్తు 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం 8848.86 మీటర్లు. దగ్గరి మీటరుకు 8849, దగ్గరి పదికి 8850, దగ్గరి వందకు 8800, దగ్గరి వెయ్యికి 9000.

ఒక్కో సవరణకూ అసలు సంఖ్య దగ్గరికే వెళ్లాలి. అప్పటికే సవరించిన దాన్ని మళ్లీ సవరించకూడదు. 4.46ను దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరిస్తే 4. కానీ ముందు 4.5 చేసి, దాన్ని మళ్లీ సవరిస్తే 5 వస్తుంది. రెండో దారి తప్పు.

9.97ను ఒక దశాంశ స్థానానికి సవరించండి. 9కి ఒకటి కలిస్తే పది, అది ఒకట్లకు వెళ్తుంది, అక్కడా పది. జవాబు 10.0. చివరి సున్నా ఉంచాలి. అది పదో వంతు దాకా లెక్క చూశామని చెబుతుంది. పొడవు 2.5 మీటర్లు అంటే అసలు కొలత 2.45, 2.55 మధ్య ఉందని. 2.50 మీటర్లు అంటే 2.495, 2.505 మధ్య ఉందని. విలువ ఒకటే అయినా రెండో మాటలో భరోసా ఎక్కువ.

సవరించడం వేరు, చివరి అంకెలను కోసేయడం వేరు. కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1982 జనవరిలో తన సూచీని 1000 దగ్గర మొదలుపెట్టింది. రోజుకు వేల సార్లు సూచీని కొత్తగా లెక్కించేవారు. లెక్కించిన ప్రతిసారీ కంప్యూటర్ మూడో దశాంశ స్థానం తర్వాతి అంకెలను సవరించకుండా కోసేసేది. కోసిన ప్రతిసారీ పోయేది వెయ్యో వంతులోపే. కానీ ఎప్పుడూ కిందికే పోతుంది, ఒక్కసారి కూడా పైకి రాదు. 1983 నవంబర్ నాటికి సూచీ 524.811 చూపిస్తోంది. సరిచేసి చూస్తే 1098.892 ఉండాలి. సవరణలో కొన్ని పైకి, కొన్ని కిందికి పోయి చాలావరకు ఒకదానికొకటి సరిపోతాయి. కోతలో ఆ వీలు లేదు.

ఇంకో నియమం: కచ్చితమైన జవాబు కావాలంటే లెక్కంతా అయ్యాకే సవరించండి. 2.4 + 3.4 + 1.4 = 7.2, సవరిస్తే 7. ముందే సవరించి కూడితే 2 + 3 + 1 = 6.

అంచనా వేయడం

అంచనాలో మాత్రం ముందే సవరిస్తాం, ఎందుకంటే ఇక్కడ మనకు కావాల్సింది వేగం. ఎంత ముతకగా సవరించాలో అవసరమే నిర్ణయిస్తుంది.

ఒక లిఫ్టు 150 కిలోలు మోయగలదు. పెట్టెలు 38.4, 27.9, 45.2, 31.7 కిలోలు. ఇలాంటి చోట 5 నియమం పక్కన పెట్టి అన్నిటినీ పైకే సవరించాలి. పదులకు అయితే 40 + 30 + 50 + 40 = 160. పరిమితి దాటింది, కానీ మనం బాగా పెంచేశాం కాబట్టి ఇంకా తేల్చలేం. ఒకట్లకు పైకి సవరిద్దాం: 39 + 28 + 46 + 32 = 145. పెంచి కూడినా 150 దాటలేదంటే అసలు బరువు కచ్చితంగా దాటదు. అసలు మొత్తం 143.2 కూడిక అవసరమే రాలేదు.

కూడికలో ఒక సంఖ్యను పైకి సవరిస్తే, వీలైతే ఇంకోదాన్ని కిందికి సవరించండి, తేడాలు కొట్టుకుపోతాయి. తీసివేతలో దీనికి వ్యతిరేకం. రెండూ ఒకే వైపు కదలాలి. 642 − 258ని వందలకు సవరిస్తే 600 − 300 = 300. మొదటిది తగ్గింది, రెండోది పెరిగింది, తేడా రెండు వైపుల నుంచీ నలిగిపోయింది. రెండింటినీ పైకి తీసుకెళ్లి 650 − 260 అంటే 390. అసలు జవాబు 384. ఈ ఒక్క కిటుకు పట్టుబడితే మీ అంచనాలు ఎంత మెరుగుపడతాయో మీకే తెలుస్తుంది.

కాలిక్యులేటర్ వాడేవారికి అంచనా మరీ అవసరం. మీరు చుక్క నొక్కడం మరిచిపోయారని అది చెప్పదు.

ఇంకో చిన్న విషయం: ఫ్రాన్స్, జర్మనీ వంటి దేశాల్లో దశాంశ చుక్క బదులు కామా రాస్తారు. అక్కడి పత్రాల్లో 3,75 కనిపిస్తే మన 3.75 అన్నమాట.

అభ్యాసం

ప్రతిదానికీ ముందు అంచనా రాయండి. మొదటిది, 14.8 + 6.35 + 9. రెండోది, 7 − 3.208. మూడోది, వాంకూవర్ సూచీ ఎంత తక్కువ చూపించిందో కనుక్కోండి. నాలుగోది, 0.996ను రెండు దశాంశ స్థానాలకు సవరించండి. ఐదోది, ఒక పూర్ణ సంఖ్యను దగ్గరి పదికి సవరిస్తే 70 వచ్చింది. ఆ సంఖ్య కనిష్ఠంగా ఎంత, గరిష్ఠంగా ఎంత? ఆరోది, 6.5 + 0.48 = 1.13 అని ఒకరు రాశారు. మళ్లీ కూడకుండానే అది తప్పని ఎలా చెబుతారు? ఆ తప్పు ఎలా వచ్చింది?

తర్వాతి భాగంలో దశాంశాల గుణకారం చేస్తాం. ఈ ఆరూ ధీమాగా వచ్చాకే అటు రండి.

జవాబులు: మొదటిది 30.15, అంచనా 30. రెండోది 3.792, అంచనా 4. మూడోది 574.081, అంచనా 1100 − 500 = 600. నాలుగోది 1.00, రెండు సున్నాలూ ఉండాలి. ఐదోది కనిష్ఠంగా 65, గరిష్ఠంగా 74. ఆరోదానిలో 6.5 ఒక్కటే 1.13 కన్నా పెద్దది, దానికి ఇంకొంత కలిపితే చిన్నది ఎలా వస్తుంది? రాసినవారు కుడి అంచులు కలిపి 65కు 48 కూడి 113 తెచ్చి, చివర రెండు అంకెలు వదిలి చుక్క పెట్టారు. చుక్క కింద చుక్క పెడితే 6.50 + 0.48 = 6.98.