ఎనభైల టీనేజ్ సినిమా పాటలతో క్యాసెట్ నింపడం ఎలా?

ఎనభైల్లో హాలీవుడ్‌లో హైస్కూలు పిల్లల మీద వరసగా సినిమాలొచ్చాయి. వాటి పాటలు ఒక క్యాసెట్‌లో నింపి, ఆ కాలంలో పెరిగినవాళ్ళకి పుట్టినరోజు కానుకగా ఇవ్వడం ఇప్పుడు మళ్ళీ మొదలైంది. నేనుండేది అమెరికాలో. ఆఫీసులో యాభై దాటినవాళ్ళకి ఇలాంటివి చాలా చేసిచ్చాను, వేరేవాళ్ళు చేసినవీ బోలెడు విన్నాను. విన్నవాటిలో ఎక్కువ వాటికి ఒకటే జబ్బు. పాట పేరు కరెక్టే ఉంటుంది, పాట మాత్రం అది కాదు.

ముందు సామాను సంగతి తేల్చేద్దాం. రికార్డింగ్ ఉన్న డెక్ ఒకటి, సీడీ ప్లేయర్ నుంచో కంప్యూటర్ నుంచో దానికి వైరు, ఖాళీ క్యాసెట్. కొత్త క్యాసెట్లు ఇప్పటికీ తయారవుతున్నాయి, ఆన్‌లైన్లో దొరుకుతాయి. 60 నిమిషాలదే కొనండి. 90 నిమిషాలది ఎవరూ చివరిదాకా వినరు. 120 నిమిషాల దాంట్లో టేపు మరీ పల్చన, చుట్టుకుపోతుంది. డెక్‌లో టేపుకి తగిలే హెడ్‌ని దూదిపుల్లతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి తుడవండి. టేపు బుస్సుమనే చప్పుడు తగ్గించే డాల్బీ బటన్ ఆపేయండి, ఎందుకంటే తీసుకునేవాళ్ళ ఇంట్లో ప్లేయర్‌కి అది ఉంటుందో లేదో తెలీదు.

తర్వాత పాటల చీటీ. దీనికి నియమం ఒకటే: పాట సినిమాలో వినపడి ఉండాలి. ఎనభైల పాట అయినంత మాత్రాన చాలదు. 'టేక్ ఆన్ మీ' మంచి పాటే, కానీ ఈ క్యాసెట్‌లో దానికి పనిలేదు. 'ఫుట్‌లూజ్' పాటలు కూడా పెట్టకూడదు. అవి డాన్సు సినిమా కోసం రాయించిన పాటలు, ఆ లెక్క వేరు. ఒక్కో సినిమా నుంచి ఒక్కటే పాట. 'ప్రెటీ ఇన్ పింక్'కి మాత్రం రెండు ఇవ్వొచ్చు.

సౌండ్‌ట్రాక్ ఆల్బమ్ అట్ట చూసి చీటీ రాసేవాళ్ళుంటారు, అది కుదరదు. 1984లో వచ్చిన 'సిక్స్‌టీన్ క్యాండిల్స్' నిండా పాటలే, కానీ ఆల్బమ్ పేరుతో బయటికొచ్చింది ఐదు పాటల చిన్న రికార్డు. అదే ఏడు 'ద కరాటే కిడ్'లో బనానరామా 'క్రూయెల్ సమ్మర్' వినిపిస్తుంది, ఆల్బమ్‌లో వెతికితే ఉండదు. 'వ్యాలీ గర్ల్' 1983 నాటిది, దాని పాటలు సరైన ఆల్బమ్‌గా దొరికింది 1994లో. 1986లో వచ్చిన 'ఫెరిస్ బ్యూలర్స్ డే ఆఫ్'కైతే అప్పట్లో ఆల్బమే లేదు. ఆ పాటలన్నీ ఒకచోట పెడితే అతకవని దర్శకుడు జాన్ హ్యూస్ అభిప్రాయం. అధికారికంగా ఆల్బమ్ వచ్చేసరికి 2016. కాబట్టి కాగితం, పెన్ను పట్టుకుని సినిమా చూడండి. వేరే దారి లేదు.

ఇక అసలు కష్టం. ఇక్కడే అందరూ బోల్తా పడతారు కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ఏ పాటకైనా ఇవాళ నాలుగైదు రూపాలు దొరుకుతాయి. ఆల్బమ్‌లోది, సింగిల్ కోసం కత్తిరించింది, క్లబ్బుల కోసం సాగదీసిన పన్నెండంగుళాల రికార్డుది, కచేరీలో పాడింది, ఆ పాడినాయనే ముసలితనంలో మళ్ళీ పాడింది. సెర్చ్‌లో పేరు కొడితే ముందు ఏది వస్తే అది లాగేసుకుంటాం. ముప్పై, నలభై ఏళ్ళుగా ఒకే రికార్డింగు విన్న చెవికి ఆ తేడా మొదటి ఐదు సెకన్లలోనే పట్టేస్తుంది. పైకేమీ అనరు. "థాంక్యూ, చాలా బాగుంది" అని క్యాసెట్ సొరుగులో పడేస్తారు.

'ప్రెటీ ఇన్ పింక్'నే చూడండి. సైకెడెలిక్ ఫర్స్ అనే బ్యాండు వాళ్ళు ఆ పాటను మొదట 1981లో తమ ఆల్బమ్‌లో పాడారు. అది సినిమా హీరోయిన్ మోలీ రింగ్‌వాల్డ్‌కి ఇష్టమైన పాట. హ్యూస్ దాని పేరే సినిమాకి పెట్టాడు, బ్యాండు వాళ్ళు సినిమా కోసం 1986లో మళ్ళీ రికార్డు చేశారు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. పాతది గరుకు, గిటార్లు మొహం మీదికొస్తాయి, గొంతు విసురుగా ఉంటుంది. కొత్తది నున్నగా, శుభ్రంగా, రేడియోకి తయారైనట్టు ఉంటుంది. సంగీతం తెలిసినవాళ్ళు పాతదే గొప్పదంటారు. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈ క్యాసెట్‌లోకి వెళ్ళాల్సింది 1986ది. మీ అభిరుచి చూపించుకోవడానికి ఇది చోటు కాదు.

'డోంట్ యూ ఫర్‌గెట్ అబౌట్ మీ' ఇంకో రకం గోతి. 'ద బ్రేక్‌ఫస్ట్ క్లబ్'లో వచ్చిన ఈ పాట 1985 మే నెలలో అమెరికా చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. రాసింది కీత్ ఫోర్సీ, స్టీవ్ షిఫ్. పాడిన సింపుల్ మైండ్స్ బ్యాండుకి మొదట్లో దీని మీద అంత ఇష్టం లేదు, అదే ఏడు వచ్చిన వాళ్ళ ఆల్బమ్‌లో కూడా దీన్ని చేర్చలేదు. అందుకే బ్యాండు ఆల్బమ్‌లలో వెతికినవాళ్ళకి 1987 నాటి కచేరీ రికార్డింగో, చాలా ఏళ్ళ తర్వాత చేసిన అకూస్టిక్‌దో చేతికి తగులుతుంది. కచేరీ దాంట్లో జనం గోల వినపడుతుంది కాబట్టి తెలిసిపోతుంది. మరి మోడర్న్ ఇంగ్లిష్ వాళ్ళ 'ఐ మెల్ట్ విత్ యూ' సంగతో? 'వ్యాలీ గర్ల్'లో ఉన్నది పాత రికార్డింగు. 1990లో వాళ్ళే దాన్ని మళ్ళీ పాడి విడుదల చేశారు. రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి, మోసపోవడం తేలిక.

అన్నిటికంటే ఎక్కువమంది తప్పేది 'ఫెరిస్ బ్యూలర్' మ్యూజియం సీన్ దగ్గర. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెరిస్, అతని గర్ల్‌ఫ్రెండ్, స్నేహితుడు కామెరాన్ ముగ్గురూ బొమ్మలు చూస్తూ తిరుగుతుంటారు. కామెరాన్ ఒక చుక్కల పెయింటింగ్ ముందు ఆగిపోతాడు, కెమెరా అందులోని చిన్నపిల్ల మొహానికి దగ్గరగా, ఇంకా దగ్గరగా వెళ్ళి చివరికి ఒట్టి రంగు చుక్కలే మిగులుతాయి. వెనక వినపడేది స్మిత్స్ బ్యాండు పాట 'ప్లీజ్, ప్లీజ్, ప్లీజ్, లెట్ మీ గెట్ వాట్ ఐ వాంట్'. కానీ పాడింది స్మిత్స్ కాదు, అసలు పాడటమే లేదు. డ్రీమ్ అకాడెమీ అనే ఇంకో బ్యాండు చేసిన వాద్యసంగీతం అది. వాళ్ళే పాడిన రూపం కూడా ఉంది, సెర్చ్‌లో ముందు వచ్చేది తరచుగా అదే. స్మిత్స్ పాడిన అసలు పాట 'ప్రెటీ ఇన్ పింక్' ఆల్బమ్‌లో ఉంది, రెండు నిమిషాలు కూడా ఉండదు. మూడింటిలో మాటలు లేనిదే మనకి కావాలి.

సరిచూసుకునే పద్ధతి చెప్తాను. సినిమాలో ఆ సీన్ పెట్టి, ఇంకో పరికరంలో పాట పెట్టి, రెండిటినీ ఒకేసారి నడపండి. మూడు చోట్ల చెవి పెట్టండి: డ్రమ్స్ ఎక్కడ మొదలయ్యాయి, శ్రుతి కలిసిందా, చివర మెల్లగా తగ్గిపోతోందా లేక ఆగిపోతోందా. ముసలితనంలో మళ్ళీ పాడినవి చాలామటుకు శ్రుతి దించి పాడతారు, వెంటనే దొరికిపోతారు. అట్ట మీద 'ఎనభైల హిట్స్' అని, కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'రీ-రికార్డెడ్' అని ఉంటే దాని జోలికి పోకండి. నిడివిని మాత్రం నమ్మకండి. సినిమాలో పాటను ఎలాగూ కోసి వాడతారు.

రెడీమేడ్ ప్లేలిస్టు ఉండగా ఇంత తంటా ఎందుకంటారు. ఒకప్పుడు మన ఊళ్ళలో రికార్డింగ్ సెంటర్ ఉండేది. చీటీ రాసిస్తే రెండ్రోజుల్లో క్యాసెట్ నింపి ఇచ్చేవాడు. అడిగిన పాట లేకపోతే "ఇది లేదు సార్, ఇంకోటి రాయండి" అనేవాడే తప్ప, దాని బదులు ఇంకెవడో పాడింది పెట్టేవాడు కాదు. ప్లేలిస్టు పెట్టేస్తుంది, పెట్టినట్టు చెప్పదు కూడా. సీడీ దొరికితే సీడీయే వాడండి. ఇక్కడి పాత సామాన్ల షాపుల్లో రెండు మూడు డాలర్లకి దొరుకుతున్నాయి.

వరస పెట్టడం చిటికెలో పని. 'డోంట్ యూ'తో మొదలుపెట్టకండి, అందరూ చేసేది అదే. అది బి సైడ్ చివర రావాలి. 'ఎ' సైడ్ చివరకి 'సిక్స్‌టీన్ క్యాండిల్స్' ఆఖరి సీన్‌లోని థాంప్సన్ ట్విన్స్ పాట 'ఇఫ్ యూ వర్ హియర్' సరిపోతుంది. నెమ్మదిగా సాగుతుంది, చిన్నది, మిగిలిన జాగాలో ఇరుకుతుంది. ఓఎమ్‌డీ బ్యాండు 'ఇఫ్ యూ లీవ్' బి సైడ్ మొదట. 'ప్రెటీ ఇన్ పింక్' ముగింపు ప్రేక్షకులకి నచ్చక మార్చి తీస్తే, ముందు ఇచ్చిన పాట అతక్క, ఒక్కరోజులో రాసిచ్చిన పాట ఇది. అమెరికాలో 4వ స్థానం దాకా వెళ్ళింది. దీనికీ సాగదీసిన క్లబ్ రూపం ఉంది, వద్దు. 'సే ఎనీథింగ్' సినిమాలోని పీటర్ గేబ్రియల్ పాట 'ఇన్ యువర్ ఐస్' ఐదున్నర నిమిషాలు తింటుంది, ముందే లెక్కేసుకోండి. సైడుకి 29 నిమిషాలు దాటనివ్వకండి.

రికార్డింగ్‌కి ముందు ఫోన్‌ని ఇంకో గదిలో పెట్టండి. కంప్యూటర్ నుంచి ఎక్కిస్తుంటే దాని నోటిఫికేషన్లూ ఆపండి, లేకపోతే పాట మధ్యలో వాట్సాప్ టింగుమంటుంది. క్యాసెట్ మొదట్లో కొన్ని సెకన్లు రికార్డు కాని ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, చక్రాన్ని చేత్తో తిప్పి గోధుమరంగు టేపు కనపడేదాకా తేవాలి. పాటకీ పాటకీ మధ్య స్టాప్ నొక్కకండి, పాజ్ వాడండి. స్టాప్ నొక్కితే టక్కుమనే చప్పుడు టేపులోకి ఎక్కుతుంది. మీటర్లో ఎర్రలైటు అప్పుడప్పుడు మెరవాలి, వెలిగే ఉండకూడదు. పాత రికార్డింగుల్నే మెరుగుపెట్టి మళ్ళీ తెచ్చిన కొత్త రీమాస్టర్లు పాతవాటికంటే గట్టిగా ఉంటాయి కాబట్టి ప్రతి పాటకీ లెవెల్ విడిగా సరిచేసుకోవాలి.

అంతా అయ్యాక ఒకసారి మొదటి నుంచి చివరిదాకా వినండి. క్యాసెట్ డబ్బాలోని కార్డు మీద పాట, బ్యాండు, సినిమా, ఏడాది చేత్తో రాయండి, ప్రింటు వద్దు. తర్వాత క్యాసెట్ పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకల్ని స్క్రూడ్రైవర్‌తో విరగ్గొట్టేయండి, ఇంకెవరూ పొరపాటున దాని మీద రికార్డు చేయలేరు. విరగ్గొట్టాక తప్పు కనపడితే ఆ కంతల మీద సెలోటేప్ అంటించండి, మళ్ళీ రికార్డు అవుతుంది.