పెద్ద కాంప్లెక్సుల మధ్య చిన్న షాపు బిల్డింగు కంటికి ఆనాలంటే ఎలా కట్టాలి?

అటూ ఇటూ ఐదంతస్తుల కాంప్లెక్సులు, మధ్యలో మీ 100 గజాల స్థలం. సెట్‌బ్యాకులు (రూల్స్ ప్రకారం ఖాళీగా వదలాల్సిన జాగా) పోగా మిగిలిన జాగాలో ఎత్తుతో పోటీ పడలేం. అందుకని చాలామంది ఎలివేషన్ (బిల్డింగు ముందువైపు రూపం) మీద పడతారు: నాలుగు రంగుల ఏసీపీ (అల్యూమినియం ప్యానెల్) షీట్లు, అద్దాలు, స్టీలు పైపులు. పక్కవాళ్లదీ అదే సరుకు, పైగా ఐదు రెట్లు. మీది అందులో కలిసిపోతుంది.

1. డ్రాయింగు గీయించకముందే టౌన్ ప్లానింగ్ వాళ్లను అడిగి, మాస్టర్ ప్లాన్‌లో మీ రోడ్డు వెడల్పు ఎంత చూపారో కనుక్కోండి. రోడ్డు పెరిగేలా ఉంటే ముందుభాగం అంతా మారిపోతుంది.

2. రోడ్డుకి అవతల నిలబడి పగలొకటి, రాత్రొకటి ఫొటో తీయండి. వరసంతా అద్దాలే అయితే మీరు ఇటుకకో, తాండూరు బండకో వెళ్లండి. ఒకటే మెటీరియల్, పైనుంచి కిందిదాకా. ప్లాస్టరింగ్ లేకుండా వదిలేటట్టయితే వైర్‌కట్ ఇటుక (మెషీన్ మీద తీగతో కోసి చేసేది) వాడండి, మామూలు బట్టీ ఇటుక వానకు చెమ్మ పీల్చేస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1948లో అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఒక గిఫ్ట్ షాపుకి షోకేసు అద్దాలే పెట్టలేదు. వీధి వైపు నిండా ఇటుక గోడ, ఒక పక్కన ఆర్చి ద్వారం, అంతే. కిరాణా కొట్టుకి ఇది పనికిరాదు, అక్కడ సరుకు కనబడాల్సిందే. క్లినిక్కో, ఆఫీసో అయితే ఆలోచించవచ్చు.

3. ద్వారానికి పెద్దపీట వేయండి. తలుపును మూడు నాలుగడుగులు లోపలికి జరిపితే నీడ పడి లోతు కనిపిస్తుంది, వానలో నిలబడే చోటూ దొరుకుతుంది. అరుగు ఎత్తు దగ్గర మాత్రం జాగ్రత్త. రోడ్డు వేసిన ప్రతిసారీ పైకి లేస్తుంది కాబట్టి మరీ కిందికి పెట్టలేం. అలాగని పెంచితే, ప్రతి అడుగు ఎత్తుకీ వీల్‌చైర్ ర్యాంప్‌కి 12 అడుగుల పొడవు కావాలి. చిన్న స్థలంలో అది మాటలు కాదు. అడుగు, అడుగున్నర దగ్గర ఆగడం మేలు.

4. బోర్డుకి చోటు డ్రాయింగులోనే పెట్టించండి. లేకపోతే లక్షలు పోసి పెట్టిన కిటికీల మీద చివరికి ఫ్లెక్సీ వచ్చి పడుతుంది! పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అనేది ఒక మోటు లెక్క. 80 అడుగుల అవతలి నుంచి చదవాలంటే ఎనిమిది అంగుళాలు.

5. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, మీటర్లు, డ్రైనేజీ పైపులు ముందువైపు వద్దు.

6. పడమర ముఖమైతే సాయంత్రపు ఎండ సజ్జా కింద నుంచే లోపలికి వస్తుంది. నిలువు ఫిన్లు (గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే నిలువు పలకలు) గానీ, టెర్రకోట (కాల్చిన మట్టి) జాలీ గానీ పెట్టించండి. ఆ జాలీయే ఎలివేషన్ అయిపోతుంది, వేరే అలంకారం అక్కర్లేదు.

7. రాత్రికి రంగురంగుల ఎల్ఈడీలు వద్దు. గోడ మీదికి కిందినుంచి వార్మ్ వైట్ లైట్లు చాలు. వాటి కండ్యూట్లు (వైర్లు పోయే గొట్టాలు) గోడ లేస్తున్నప్పుడే వేయించాలి. ఎలక్ట్రీషియన్‌ని చివర్లో పిలిస్తే అంత ముచ్చటపడి కట్టిన ఇటుక గోడ మీద పీవీసీ పైపులు బిగించి పోతాడు.