మైకోప్లాస్మా తారుమారు చేసిన ఫలితాలు: నా అనుభవం

పీహెచ్‌డీ రెండో ఏట, ఒక మందు ఏ మోతాదులో క్యాన్సర్ కణాలను చంపుతుందో ఎంటీటీ పరీక్షతో (బతికున్న కణాల జీవక్రియను రంగు గాఢతగా చూపే పరీక్ష) కొలుస్తున్నప్పుడు, ఒక వారం వచ్చిన విలువకు మరుసటి వారం వచ్చిన విలువకు పొంతన లేకుండా పోయింది. మందును కొత్తగా కరిగించాను, పిపెట్లను కాలిబ్రేట్ చేయించాను, సీరం సీసా మార్చాను, ఏదీ ఫలించలేదు. కణాలను పెంచే ద్రవం (మీడియం) తేటగానే ఉండేది కనుక కలుషితమైందన్న అనుమానమే రాలేదు. చివరకు డీఎన్‌ఏకు అంటుకుని మెరిసే డాపీ రంగు వేసి ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు కింద చూస్తే, నీలంగా మెరిసే కేంద్రకాల చుట్టూ, ఏమీ ఉండకూడని చోట, పిండి చల్లినట్టు సన్నని చుక్కలు కనిపించాయి. అది మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాయేనని, డీఎన్‌ఏను గుర్తించే పీసీఆర్ పరీక్ష తేల్చింది.

ఈ బ్యాక్టీరియాకు కణకవచం ఉండదు. అందువల్ల మేము అలవాటుగా కలిపే, కణకవచం మీదే పనిచేసే పెనిసిలిన్ దానిని ఏమీ చేయలేదు, మామూలు బ్యాక్టీరియాను ఆపే 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌ను సైతం అది దాటిపోగలదు, పైగా కణాల జీవక్రియను మార్చి ఎంటీటీ రీడింగులనే తారుమారు చేస్తుంది. యాంటీబయాటిక్‌లతో శుద్ధి చేసే మార్గం ఉన్నప్పటికీ, నాకు దానిపై నమ్మకం కుదరక, ఆ కణాలన్నింటినీ ఆటోక్లేవ్ చేసి (అధిక పీడనపు ఆవిరితో చంపి) పారవేశాను (మూడు నెలల శ్రమ కావడంతో మొదట చేతులు రాలేదన్నది వేరే సంగతి). ఇంక్యుబేటర్‌ను శుభ్రపరచి, ద్రవ నత్రజనిలో భద్రపరచిన తొలినాటి కణాలను, పీసీఆర్‌లో నెగెటివ్ వచ్చాకే, వాడుకలోకి తెచ్చాను. ఆ తర్వాత వరుసగా మూడు వారాలు చేసిన పరీక్షల్లో ఐసీ50 విలువ (కణాల వృద్ధిని సగానికి తగ్గించే మందు మోతాదు) దాదాపు ఒకచోటే నిలిచింది.