డార్క్ మ్యాటర్ డిటెక్టర్‌కి దిశ తెలుస్తోందో లేదో చెక్ చేయడం ఎలా

సూర్యుడు గెలాక్సీ చుట్టూ సెకనుకి దాదాపు 220 కిలోమీటర్ల స్పీడ్‌తో సిగ్నస్ (హంస) నక్షత్రరాశి వైపు పోతున్నాడు, అందుకే గెలాక్సీ అంతా నిండి ఉందనుకుంటున్న, కంటికి కనపడని డార్క్ మ్యాటర్ మనకి ఆ వైపు నుంచే ఎదురుగాలిలా తగలాలి. ఈ దిశని పట్టుకుంటే సిగ్నల్ అని నమ్మొచ్చని 1988లోనే ఖగోళ భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ స్పెర్గెల్ చెప్పారు. కానీ మన డిటెక్టర్‌కి దిశ తెలుస్తోందా అన్నది అసలు డేటా తీయకముందే తేల్చుకోవాలి.

ముందు మీడియం, అంటే డిటెక్టర్‌లో నింపే పదార్థం చూడండి. లిక్విడ్ జెనాన్‌లో డార్క్ మ్యాటర్ కణం దెబ్బ తిన్న న్యూక్లియస్ మైక్రాన్ కూడా పోకుండా ఆగిపోతుంది, ట్రాక్ కనపడదు. ప్రెషర్ బాగా తగ్గించిన గ్యాస్‌లో అయితే అదే ట్రాక్ ఒకట్రెండు మిల్లీమీటర్లు వస్తుంది, కాకపోతే ఆ దారిలో విడుదలైన ఎలక్ట్రాన్లు సిగ్నల్ చదివే రీడౌట్ దాకా వెళ్ళేలోపు ఛార్జ్ చెదిరి ట్రాక్ ఉండలా అయిపోతుంది. అందుకే ఇంగ్లండ్‌లోని బౌల్బీ గనిలో డ్రిఫ్ట్ అనే ప్రయోగం వాళ్ళు కార్బన్ డైసల్ఫైడ్ వాడారు, ఎలక్ట్రాన్లు ఆ మాలిక్యూల్స్‌కి అతుక్కుని నెగటివ్ అయాన్లుగా కదులుతాయి కాబట్టి చెదరడం తక్కువ.

ఇప్పుడు అసలు టెస్ట్. న్యూట్రాన్లు కూడా డార్క్ మ్యాటర్ లాగే న్యూక్లియస్‌ని తంతాయి, పైగా అవి ఎటు నుంచి వస్తున్నాయో మనకి తెలుసు. కాలిఫోర్నియం-252 న్యూట్రాన్ సోర్స్ ఒక వైపు పెట్టి డేటా తీయండి, తర్వాత సరిగ్గా ఎదురు వైపు, ఆ తర్వాత పక్క నుంచి. డిటెక్టర్‌ని కదపొద్దు, సెట్టింగ్స్ ముట్టుకోవద్దు, సోర్స్ ఒక్కటే మారాలి, లేకపోతే గెయిన్‌లో (సిగ్నల్‌ని పెంచే రేటులో) తేడా కూడా దిశలాగే కనిపించి మోసం చేస్తుంది. తక్కువ ఎనర్జీ రీకాయిల్ (దెబ్బ తిని కదిలిన న్యూక్లియస్) మొదట్లో ఎక్కువ ఛార్జ్ వదిలి చివరికొచ్చేసరికి తగ్గిపోతుంది, కాబట్టి ప్రతి ట్రాక్‌ని రెండు సగాలు చేసి ఛార్జ్ రేషియో తీయండి. సోర్స్ అటు మారిస్తే సగటు రేషియో కూడా తిరగబడాలి. తిరగబడకపోతే మీకు ట్రాక్ గీత తెలుస్తోంది గానీ తల ఏదో తోక ఏదో తెలియట్లేదు, అది తెలిస్తే సిగ్నల్ సిగ్నస్ వైపు నుంచే అని తేల్చడం మంచి పరిస్థితుల్లో పదుల ఈవెంట్లతో అయ్యే పని, తెలియకపోతే వందల్లోకి పోతుంది.

ఇదంతా ఎనర్జీ బిన్ వారీగా చేయాల్సిందే. 100 కెఇవి (కిలో ఎలక్ట్రాన్ వోల్ట్, ఎనర్జీ కొలత) దగ్గర బాగుందని 20 దగ్గర కూడా ఉంటుందనుకోవడం నాకైతే అస్సలు ఒప్పుకోబుద్ధి కాదు, ఎందుకంటే డార్క్ మ్యాటర్ ఈవెంట్లు ఎక్కువ వచ్చేదే తక్కువ ఎనర్జీల్లో.

ఇక ప్రతి ఈవెంట్‌కి టైమ్ కచ్చితంగా రాసి దిశని గెలాక్టిక్ కోఆర్డినేట్స్‌లోకి (గెలాక్సీని బట్టి దిశ చెప్పే కొలతల్లోకి) మార్చండి. భూమి తిరగడం వల్ల సిగ్నస్ దిశ ల్యాబ్‌లో 23 గంటల 56 నిమిషాలకో రౌండ్ వేస్తుంది, గోడల నుంచో రేడాన్ అనే రేడియోయాక్టివ్ గ్యాస్ నుంచో వచ్చే బ్యాక్‌గ్రౌండ్ దానితో పాటు తిరగదు. డార్క్ మ్యాటర్ లాగే న్యూక్లియస్‌ని తన్నగల సౌర న్యూట్రినోలు (సూర్యుడిలో పుట్టే కణాలు) సూర్యుడి వైపు నుంచే వస్తాయి, ఆ దిశ ఏడాదిలో ఎప్పుడూ సిగ్నస్‌తో కలవదు కాబట్టి వాటినీ విడదీయొచ్చు.