లాప్‌టాప్‌లో బిల్డ్, ఫోన్‌లో రన్: ‘ఫైల్’ కమాండ్‌ని ఆండ్రాయిడ్‌కి పోర్ట్ చేద్దాం

క్రాస్ కంపైల్ (ఒక మెషిన్‌లో కూర్చుని వేరే రకం మెషిన్ కోసం ప్రోగ్రామ్ తయారుచేయడం) అనగానే చాలామంది కంపైలర్ సెట్ చేసుకోవడమే పెద్ద తలనొప్పి అనుకుని అక్కడే ఆగిపోతారు. ఒకప్పుడు నిజంగానే తలనొప్పి, ఇప్పుడు కాదు. ఇప్పుడు పేచీ అంతా వేరే చోట ఉంది. బిల్డ్ జరుగుతున్నంతసేపూ ఏ ప్రోగ్రామ్ లాప్‌టాప్‌లో నడవాలి, ఏది ఫోన్‌లో నడవాలి అన్న లెక్క ఎక్కడో ఒక చోట తప్పుతుంది, దాని ఫలితం ఇంకెక్కడో ఎర్రర్‌గా బయటపడుతుంది. అందుకే ‘హలో వరల్డ్’ లాంటిది కాకుండా ఈ చిక్కు నిజంగా ఎదురయ్యే ప్యాకేజీనే తీసుకుందాం.

ఏ ఫైల్ ఇచ్చినా లోపల ఉన్నది బొమ్మా, జిప్పా, మామూలు టెక్స్టా అని చెప్పే ‘ఫైల్’ కమాండ్ మీకు తెలిసే ఉంటుంది. 1980ల్లో ఇయాన్ డార్విన్ మొదలుపెట్టాడు, చాలా ఏళ్లుగా క్రిస్టోస్ జౌలాస్ చూసుకుంటున్నాడు. చిన్నది, సీ భాషలో ఉంది, బయటి లైబ్రరీలు పెద్దగా అడగదు. ఒక చిన్న హెచ్చరిక: కమాండ్లు, ఆప్షన్లు, పాత్‌లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

కావలసినవి: 64 బిట్ లినక్స్ ఉన్న లాప్‌టాప్ (విండోస్ వాళ్లకు డబ్ల్యూఎస్ఎల్ చాలు), గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ ఎన్‌డీకే (సీ ప్రోగ్రామ్‌లను ఆండ్రాయిడ్ కోసం కంపైల్ చేసే సామగ్రి), ఏడీబీ (లాప్‌టాప్ నుంచి ఫోన్‌కి కమాండ్లు, ఫైళ్లు పంపే సాధనం), యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసిన ఫోన్. ముందు ఫోన్ ఏ రకమో కనుక్కోండి. ‘యునేమ్’ మాటని మాత్రం నమ్మొద్దు, అది కెర్నల్ సంగతి చెబుతుంది. తక్కువ ధర ఫోన్లలో కెర్నల్ 64 బిట్ అయినా పైనున్న ఆండ్రాయిడ్ 32 బిట్ కావచ్చు. ఏడీబీ షెల్‌లో ‘గెట్‌ప్రాప్’‌కి ‘ఆర్ఓ.ప్రొడక్ట్.సీపీయూ.ఏబీఐ’ అని ఇచ్చి అడగండి. ‘ఆర్మ్64-వీ8ఏ’ అని వస్తే కింద రాసినదంతా ఉన్నదున్నట్టు పనికొస్తుంది.

ఇక కంపైలర్. పాత గైడ్లలో ‘స్టాండలోన్ టూల్‌చైన్ తయారుచేసుకోండి’, ‘జీసీసీ వాడండి’ అని ఉంటే ఆ పేజీ మూసేయండి. ఎన్‌డీకే ఆర్18లోనే జీసీసీ కంపైలర్ పోయింది, ఆర్19 నుంచి స్టాండలోన్ టూల్‌చైన్ అవసరమూ పోయింది. ఎన్‌డీకే జిప్ విప్పి ‘టూల్‌చైన్స్’, ‘ఎల్ఎల్‌వీఎం’, ‘ప్రీబిల్ట్’, ‘లినక్స్-ఎక్స్86_64’, ‘బిన్’ వరుసగా లోపలికి వెళ్తే అక్కడ క్లాంగ్ అనే కంపైలర్ రకరకాల పేర్లతో కనబడుతుంది. మనకు కావలసిన పేరు ‘ఏఆర్చ్64-లినక్స్-ఆండ్రాయిడ్24-క్లాంగ్’. ఆ 24 అనేది ఏపీఐ లెవెల్, అంటే ఆండ్రాయిడ్ 7.0. ఈ అంకె గుడ్డిగా ఎంచుకునేది కాదు. ‘గ్లాబ్’, ‘ఐకాన్వ్’, ‘పోసిక్స్ స్పాన్’ లాంటి ఫంక్షన్లు ఆండ్రాయిడ్ సీ లైబ్రరీ బయోనిక్‌లోకి ఏపీఐ 28లో గానీ రాలేదు. 24 పెట్టుకుంటే పాత ఫోన్లలోనూ నడుస్తుంది గానీ అవి దొరకవు, 28 పెట్టుకుంటే దొరుకుతాయి గానీ పాత ఫోన్లు వదులుకోవాలి. మీ ఒక్క ఫోన్ కోసమే అయితే దాని వెర్షన్‌కి తగ్గ అంకె పెట్టేసుకోండి.

షెల్‌లో సీసీ వేరియబుల్‌కి ఆ క్లాంగ్ పూర్తి పాత్ ఇవ్వండి. ఏఆర్‌కి ‘ఎల్ఎల్‌వీఎం-ఏఆర్’, రాన్‌లిబ్‌కి ‘ఎల్ఎల్‌వీఎం-రాన్‌లిబ్’, స్ట్రిప్‌కి ‘ఎల్ఎల్‌వీఎం-స్ట్రిప్’. ఈ మూడూ (కంపైల్ అయిన ముక్కల్ని మూటకట్టేవి, సవరించేవి) ఎందుకులే అనుకోవద్దు. ‘కాన్ఫిగర్’ (బిల్డ్‌కి ముందు సిస్టమ్‌ని పరీక్షించి సెట్టింగ్‌లు తేల్చే స్క్రిప్ట్) ముందు ‘ఏఆర్చ్64-లినక్స్-ఆండ్రాయిడ్-ఏఆర్’ అనే పేరుతో వెతుకుతుంది, ఆ పేరున్నవి ఆర్23 నుంచి ఎన్‌డీకేలో లేవు, దొరక్కపోయేసరికి చప్పుడు చేయకుండా లాప్‌టాప్‌లోని మామూలు ‘ఏఆర్’‌ని పట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ‘ఫైల్’ సోర్స్‌లో ‘మ్యాజిక్’ అనే ఫోల్డర్ ఉంటుంది, ఏ రకం ఫైల్ మొదట్లో ఏ బైట్లు ఉంటాయన్న వివరాలన్నీ అందులోనే ఉంటాయి. బిల్డ్ చివర్లో వాటన్నిటినీ కలిపి ‘మ్యాజిక్.ఎంజీసీ’ అనే ఒకే డేటాబేస్‌గా మార్చాలి. మార్చేది ఎవరు? అప్పుడే తయారైన ‘ఫైల్’ ప్రోగ్రామే. కానీ మనం తయారుచేసింది ఫోన్ సీపీయూ కోసం, అది లాప్‌టాప్‌లో నడవదు. అందుకని క్రాస్ కంపైల్ అని తెలిసినప్పుడు మేక్‌ఫైల్ (బిల్డ్ ఎలా చేయాలో చెప్పే ఫైల్) మీ లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్న ‘ఫైల్’‌ని పిలుస్తుంది, పిలిచేముందు దాని వెర్షన్ చూస్తుంది, తేడా ఉంటే ‘ఇన్‌స్టాల్ అయిన వెర్షన్‌తో క్రాస్ కంపైల్ చేయలేను, ముందు ఇదే వెర్షన్ లోకల్‌గా ఇన్‌స్టాల్ చేయండి’ అనే అర్థంతో మెసేజ్ ఇచ్చి ఆగిపోతుంది. ఈ మెసేజ్ చూసి చాలామంది ఆ చెక్‌నే మేక్‌ఫైల్లోంచి తీసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, డేటాబేస్ ఫార్మాట్ వెర్షన్ల మధ్య మారుతుంటుంది, బిల్డ్ అయిపోయినా ఫోన్‌లోకి వెళ్లాక అసలు చదవకపోవచ్చు.

సరైన దారి ఇది. ‘ఫైల్’ సోర్స్ టార్‌బాల్ (కుదించిన ప్యాకెట్) విప్పి, దాని పక్కనే రెండు ఖాళీ ఫోల్డర్లు పెట్టుకోండి, ఒకటి ‘హోస్ట్’, ఒకటి ‘ఆండ్రాయిడ్’. సోర్స్ ఫోల్డర్‌లో ఏమీ బిల్డ్ చేయొద్దు, రెండు బిల్డుల చెత్త కలిసిపోతుంది. కొత్త టెర్మినల్ తెరిచి (ఇందాకటి సీసీ, ఏఆర్ ఇందులో ఉండకూడదు), ‘హోస్ట్’‌లోకి వెళ్లి ‘కాన్ఫిగర్’‌ని ‘డిజేబుల్-షేర్డ్’ ఆప్షన్‌తో నడిపి ‘మేక్’ కొట్టండి. ఇన్‌స్టాల్ అక్కర్లేదు. ‘ఎస్ఆర్‌సీ’ ఫోల్డర్‌లో లాప్‌టాప్‌కి పనికొచ్చే ‘ఫైల్’, సరిగ్గా అదే వెర్షన్‌ది, తయారై ఉంటుంది. తర్వాత ఎన్‌డీకే టెర్మినల్‌కి తిరిగొచ్చి ఆ ‘ఎస్ఆర్‌సీ’ ఫోల్డర్‌ని పాత్ వేరియబుల్‌లో అన్నిటికంటే ముందు పెట్టండి.

ఇక ‘ఆండ్రాయిడ్’ ఫోల్డర్‌లో ‘కాన్ఫిగర్’. ‘హోస్ట్’ ఆప్షన్‌కి ‘ఏఆర్చ్64-లినక్స్-ఆండ్రాయిడ్’, ‘బిల్డ్’ ఆప్షన్‌కి ‘ఎక్స్86_64-లినక్స్-జీఎన్‌యూ’ ఇవ్వండి (ఈ ‘హోస్ట్’ ఆప్షన్ అంటే ప్రోగ్రామ్ నడవబోయే ఫోన్, ఇందాకటి ‘హోస్ట్’ ఫోల్డర్ కాదు). రెండూ ఇస్తేనే ఇది క్రాస్ కంపైల్ అని దానికి అనుమానం లేకుండా తెలుస్తుంది. ‘ప్రిఫిక్స్’‌కి ‘/డేటా/లోకల్/టీఎంపీ/ఫైల్’ ఇవ్వండి, అది ఫోన్‌లోని చోటు. మ్యాజిక్ డేటాబేస్ ఎక్కడుందన్న పాత్ ప్రోగ్రామ్ లోపలే అచ్చయిపోతుంది కాబట్టి ప్రిఫిక్స్ అంటే లాప్‌టాప్‌లో ఎక్కడ పెడుతున్నామన్నది కాదు, ఫోన్‌లో ఎక్కడ ఉండబోతుందన్నది. వీటితోపాటు ‘డిజేబుల్-షేర్డ్’, ‘డిజేబుల్-లిబ్‌సెక్‌కాంప్’, ఇంకా బీజిప్, ఎక్స్‌జడ్, ఎల్‌జిప్, జడ్‌స్టాండర్డ్ లైబ్రరీల డిజేబుల్ ఆప్షన్లు. సరిగ్గా ఏ పేర్లో మీ వెర్షన్ ‘కాన్ఫిగర్’‌కి ‘హెల్ప్’ ఇచ్చి చూసుకోండి. జడ్‌లిబ్ ఒక్కటి ఉంచొచ్చు, అది ఎన్‌డీకేలోనే ఉంది.

‘కాన్ఫిగర్’ నడుస్తున్నప్పుడు ఆ వరసలు ఊరికే పైకి పోనివ్వకండి, చదవండి. మామూలు బిల్డ్‌లో అది చిన్న చిన్న ప్రోగ్రామ్‌లు రాసి, కంపైల్ చేసి, నడిపి సమాధానాలు తెలుసుకుంటుంది. ఇక్కడ నడపలేదు కాబట్టి ఊహిస్తుంది, పాత ప్యాకేజీల్లో ఆ ఊహ ఎప్పుడూ అనుమానం వైపే. అందుకే చివర్లో ‘ఆర్‌పీఎల్_మ్యాలక్’ (మ్యాలక్‌కి బదులు వాడే ఫంక్షన్) దొరకలేదని లింకర్ గోల పెడుతుంది. దానికి సోర్స్ మార్చక్కర్లేదు, ‘ఏసీ_సీవీ_ఫంక్_మ్యాలక్_0_నాన్‌నల్’ అనే వేరియబుల్‌కి ‘యెస్’ అని ముందే ఇచ్చి మళ్లీ ‘కాన్ఫిగర్’ నడిపితే చాలు. బయటి లైబ్రరీలు అడిగే ప్యాకేజీల దగ్గర ఇంకో చోట జాగ్రత్త: లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే ‘పీకేజీ-కాన్ఫిగ్’ లాప్‌టాప్ లైబ్రరీలను సంతోషంగా చూపించేస్తుంది. ‘పీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్’ వేరియబుల్‌ని మీ ఆండ్రాయిడ్ లైబ్రరీలున్న చోటికి మార్చండి.

తర్వాత ‘మేక్’, ఆపైన ‘మేక్ ఇన్‌స్టాల్’‌కి ‘డెస్ట్‌డిర్’‌గా ‘స్టేజ్’ అనే ఫోల్డర్ పూర్తి పాత్ ఇవ్వండి, ఫైళ్లు లాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్ లోపలికి చేరతాయి. ఫోన్‌లోకి పంపేముందు వచ్చిన బైనరీని ‘రీడెల్ఫ్’‌తో చూడండి. మెషిన్ ‘ఏఆర్చ్64’ అని ఉండాలి, రకం ‘డైన్’ అని ఉండాలి (ఆండ్రాయిడ్ 5.0 నుంచి పీఐఈ (మెమరీలో ఎక్కడైనా లోడ్ కాగల బైనరీ) కానిదాన్ని లోడర్ ఒప్పుకోదు, ఇప్పటి ఎన్‌డీకే అడక్కుండానే అలా చేస్తుంది), ఇంటర్‌ప్రెటర్ (ప్రోగ్రామ్‌ని లోడ్ చేసేది) ‘/సిస్టమ్/బిన్/లింకర్64’ అని ఉండాలి. ఈ మూడోదే ఎక్కువమందిని ఏడిపించేది. రాస్ప్‌బెర్రీ పై కోసం కట్టిన ఆర్మ్ బైనరీని ఫోన్‌లో పెట్టి నడిపితే, ఫైల్ కళ్లముందే ఉన్నా ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటుంది. లేదంటున్నది మీ ప్రోగ్రామ్‌ని కాదు, అది అడుగుతున్న జీలిబ్‌సీ (మామూలు లినక్స్ సీ లైబ్రరీ) లోడర్‌ని. అది ఆండ్రాయిడ్‌లో ఉండదు.

‘స్టేజ్’ లోపలున్న ‘ఫైల్’ ఫోల్డర్‌ని ‘ఏడీబీ పుష్’‌తో ‘/డేటా/లోకల్/టీఎంపీ’‌లోకి పంపండి. ఎస్‌డీకార్డ్ ఫోల్డర్‌లో పెడితే ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది, అక్కడి నుంచి ప్రోగ్రామ్‌లు నడపనివ్వరు. ‘ఛ్‌మాడ్ 755’ కొట్టి, పూర్తి పాత్ ఇచ్చి నడపండి. ఒట్టి ‘ఫైల్’ అని కొడితే చాలా ఫోన్లలో టాయ్‌బాక్స్‌తో (ఆండ్రాయిడ్‌లోని చిన్న కమాండ్ల మూట) వచ్చిన చిన్న ‘ఫైల్’ పలుకుతుంది, మీది పనిచేస్తుందనుకుని మోసపోతారు. పరీక్షకి ఒక ఏపీకే, ఒక ఫోటో, తెలుగులో నాలుగు వాక్యాలున్న టెక్స్ట్ ఫైల్ ఇచ్చి చూడండి. తెలుగు ఫైల్‌ని యూటీఎఫ్-8 టెక్స్ట్ అని, మిగతావాటిని వాటి పేర్లతో చెబితే డేటాబేస్ కూడా సరిగా చేరినట్టే.

టెర్మక్స్‌లో (ఆండ్రాయిడ్‌లో లినక్స్ టెర్మినల్ ఇచ్చే యాప్) వాడాలంటే ప్రిఫిక్స్ మారుతుంది: ‘/డేటా/డేటా/కామ్.టెర్మక్స్/ఫైల్స్/యూఎస్ఆర్’. చేత్తో కట్టేకన్నా వాళ్ల ‘టెర్మక్స్-ప్యాకేజెస్’ రిపాజిటరీ తెచ్చుకోవడం మేలు. డాకర్ ఇమేజ్ నడిపే స్క్రిప్ట్ ఉంది, ‘బిల్డ్-ప్యాకేజ్’ స్క్రిప్ట్‌కి ఆర్కిటెక్చర్, ప్యాకేజీ పేరు ఇస్తే డెబ్ ఫైల్ చేతికొస్తుంది. ప్రతి ప్యాకేజీకీ ఒక చిన్న ‘బిల్డ్.ఎస్‌హెచ్’, దాని పక్కన ప్యాచ్‌లు. మనం ఇందాక చేసిన రెండు బిల్డుల పనికి అక్కడ ‘హోస్ట్‌బిల్డ్’ అనే వేరియబుల్ ఉంది. మీరు టెర్మక్స్ వాడకపోయినా, ఏ ప్యాకేజీ మొదలుపెట్టేముందైనా ఆ రిపాజిటరీలో దాని పేరు వెతకండి. ‘/టీఎంపీ’ ఉండదని, ‘/ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్’ ఉండదని, హార్డ్ లింకులు పనిచేయవని, ‘పీథ్రెడ్_క్యాన్సిల్’ బయోనిక్‌లో లేదని ఎవరో ఎప్పుడో కష్టపడి కనుక్కున్నదంతా ఆ ప్యాచ్‌ల్లో ఉంది. ఇంత విలువైన సమాచారం ఇంకెక్కడా ఒకే చోట దొరకదని నా నమ్మకం.

ఏడీబీలో బాగా నడిచింది టెర్మక్స్‌లో ‘బ్యాడ్ సిస్టమ్ కాల్’ అని చచ్చిపోతే కంగారు పడొద్దు. ఆండ్రాయిడ్ 8.0 నుంచి యాప్‌లకు సెక్‌కాంప్ ఫిల్టర్ (కొన్ని సిస్టమ్ కాల్స్‌ని అడ్డుకునేది) ఉంది, ఏడీబీ షెల్ యాప్ కాదు. ఏ సిస్టమ్ కాల్ దగ్గర పోతోందో ‘ఎస్‌ట్రేస్’‌తో పట్టుకుని, దాన్ని వాడే ఫీచర్‌ని ‘కాన్ఫిగర్’‌లో ఆపేయండి. అలాగే 16 కేబీ మెమరీ పేజీలున్న ఫోన్లకు ఆండ్రాయిడ్ 15 నుంచి సపోర్ట్ వచ్చింది. ఎన్‌డీకే ఆర్28 దానికి తగ్గట్టే లింక్ చేస్తుంది, అంతకంటే పాతదైతే లింకర్‌కి ‘మ్యాక్స్-పేజ్-సైజ్’ 16384 అని మీరే చెప్పాలి.

సోర్స్‌లో మార్పు తప్పనిసరైతే ‘ఆండ్రాయిడ్ అయితే ఇలా’ అని షరతు పెట్టకండి, ‘ఈ ఫంక్షన్ లేకపోతే ఇలా’ అని పెట్టి, ఆ పరీక్షని ‘కాన్ఫిగర్’‌లో చేర్చండి. ఇవాళ లేని ఫంక్షన్ రేపటి ఏపీఐ లెవెల్‌లో రావచ్చు, పైగా అలా రాసిన ప్యాచ్‌ని అసలు ప్రాజెక్ట్ వాళ్లు తీసుకునే అవకాశం ఎక్కువ. వాళ్లు తీసుకుంటే తర్వాతి వెర్షన్‌కి ఆ ప్యాచ్ మళ్లీ అతికించాల్సిన పని మీకుండదు.