పెగ్‌బోర్డు హుక్కులు ఊడుతున్నాయా? కొత్త హుక్కులు కొనే ముందు గోడ చూడండి

కారు షెడ్డులో పెగ్‌బోర్డు, అంటే హుక్కులు తగిలించడానికి వరసగా రంధ్రాలుండే పలక, బిగించి పానాలు, సుత్తెలు, స్క్రూడ్రైవర్లు వరసగా తగిలించుకున్నవాళ్లు మూడు నాలుగు నెలలకు చెప్పేది దాదాపు ఒకటే మాట: "పనిముట్టు తీస్తే హుక్కు కూడా చేతికొస్తోంది." వెంటనే సికింద్రాబాద్ రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాలకు వెళ్లి ఇంకో రకం హుక్కుల ప్యాకెట్ తెస్తారు. అవీ ఊడతాయి. తర్వాత రంధ్రాల్లో గమ్ పోస్తారు. బోర్డు వెనక్కి మాత్రం ఎవరూ తొంగిచూడరు. ఊడేది హుక్కే, కానీ చాలాసార్లు వదులైంది గోడలో ఉంటుంది.

అందుకే ఇబ్బంది ఏదైనా సరే, ముందు ఈ రెండు నిమిషాల పని చెయ్యండి. బోర్డు పై అంచు మీద అరచెయ్యి పెట్టి గోడవైపు నొక్కి వదలండి, కదులుతోందేమో చూడండి. తర్వాత పాత విజిటింగ్ కార్డు ఒకటి తీసుకుని బోర్డు వెనకున్న రీపరుకూ (బోర్డును గోడకు పట్టి ఉంచే చెక్క పట్టీ) గోడకూ మధ్య పైనుంచి దూర్చండి. ప్రతి రీపరు దగ్గరా పైనా కిందా చూడాలి. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే అక్కడక్కడా మొదటినుంచే సందు ఉంటుంది, అది లెక్క కాదు. కింద దూరని కార్డు పైన మాత్రం అంగుళానికి మించి దిగిపోతోందంటే రీపరు గోడను వదిలేసిందని అర్థం. చివరగా నేల చూడండి. సరిగ్గా రీపర్ల కింద సన్నటి బూడిదరంగు పొడి రాలి ఉంటే హుక్కుల జోలికి వెళ్లకుండా నేరుగా "బోర్డు పైనుంచి ముందుకు వాలుతోంది" అన్న భాగం చదవండి.

హుక్కు ఊడుతోంది, బోర్డు మాత్రం గట్టిగానే ఉంది

అప్పుడు తప్పు కొలతది. మామూలు పెగ్‌బోర్డులో గుండ్రటి రంధ్రాలు అంగుళానికొకటి ఉంటాయి. కొన్ని బోర్డులకు రంధ్రం పావు అంగుళం, అంటే 6.35 మి.మీ., కొన్నిటికి అందులో సగం. సన్న తీగ హుక్కు పావు అంగుళం రంధ్రంలో దూరుతుంది, నిలబడినట్టే కనిపిస్తుంది, కానీ రంధ్రంలో మొత్తం 3 మి.మీ. ఖాళీ మిగులుతుంది. పానాను పైకి ఎత్తి తీసినప్పుడల్లా హుక్కూ పైకి లేస్తుంది, వెనక కాలు జారిపోతుంది. హుక్కు తీగ రంధ్రానికి సరిపోయేంత లావుండాలి. ఉన్న సన్న హుక్కులు పారేయడం ఇష్టం లేకపోతే, హుక్కు కింది భాగాన్ని పక్క రెండు రంధ్రాల్లోంచి కేబుల్ టై వేసి లాగి కట్టండి. గమ్ కంటే నయం, చోటు మార్చాలంటే కత్తిరిస్తే చాలు.

చదరపు రంధ్రాల స్టీల్ ప్యానెల్‌కూ, నిలువు గాట్లుండే ఐకియా స్కాడిస్ బోర్డుకూ వాటి హుక్కులే పడతాయి. కలిపి వాడాలని చూడకండి.

హైదరాబాద్ పారిశ్రామికవాడలు బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో పెగ్‌బోర్డుకు షీటు కోయించుకునేవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. డ్రాయింగులో రంధ్రాల దూరం 25 మి.మీ. అని రాసేస్తారు. అంగుళం అంటే 25.4. ఒక్క హుక్కుకు తేడా తెలియదు. 8 రంధ్రాల దూరంలో రెండు కాళ్లుండే స్క్రూడ్రైవర్ స్టాండు తెచ్చాక 3 మి.మీ.కు పైగా తేడా వచ్చి రెండో కాలు ఎక్కదు. షీటు మిషను మీదకు వెళ్లకముందే 25.4 అని రాయించండి.

హుక్కు అసలు లోపలికే దూరట్లేదు

వెనక రీపరు అడ్డొచ్చి ఉంటుంది, లేదా గోడకూ బోర్డుకూ మధ్య చాలినంత ఖాళీ లేదు. హుక్కు వెనక కాలు తిరగడానికి కనీసం 12 మి.మీ. కావాలి. అంగుళం మందం రీపరు వేస్తే ఆ బాధే ఉండదు. రీపరు మీదుగా వెళ్లే ఒకటి రెండు నిలువు వరసల్లో హుక్కులు పట్టవు, అది మామూలే. ఎనామిల్ పెయింటు చిక్కగా కొట్టి రంధ్రాలు మూసుకుపోతే డ్రిల్ బిట్టును చేత్తో తిప్పి గీకేయండి.

బోర్డు పైనుంచి ముందుకు వాలుతోంది, కింద పొడి రాలుతోంది

అసలు కథ ఇది. ఇది మొదటి రోజు దొరకదు. బిగించిన రోజు రెండు చేతులతో లాగినా బోర్డు కదలదు. కార్పెంటర్ కూడా వేలాడి చూపిస్తాడు. అంతా బాగుందనుకుంటారు. కారణం చిన్న లెక్కలో ఉంది.

మామూలుగా వాడేది 2 అంగుళాల స్క్రూ, అంటే 50 మి.మీ. అందులో 25 రీపరుకే పోతుంది. మిగిలింది 25. గోడ మీద ముందు లప్పం ఒకటి రెండు మి.మీ. ఉంటుంది, దాని వెనక ప్లాస్టరింగ్. లోపలి గోడకు ప్లాస్టరింగ్ 12 నుంచి 15 మి.మీ. వేస్తారు. షెడ్డు గోడ చాలా ఇళ్లలో ఇంటి బయటి గోడే. అక్కడ రెండు కోట్లు కలిపి 20 మి.మీ. దాకా ఉంటుంది. తూకం సరిచెయ్యడానికి మేస్త్రీ మందంగా పూసిన చోట ఇంకా ఎక్కువ. 25లోంచి 20 తీసేస్తే ఇటుకలోకి దిగింది అయిదు మి.మీ. మాత్రమే. బోర్డు, దాని మీది పనిముట్ల బరువు మొత్తం ఇసుకా సిమెంటూ కలిపిన ఆ పూత మోస్తోంది.

ప్లాస్టరింగ్ గట్టిదే, కానీ సాగే గుణం లేదు. కిందికి లాగే బరువును అది ఓర్చుకుంటుంది. రోజూ పానా తీసేటప్పుడు ముందుకు లాగే కుదుపును ఓర్చుకోలేదు. కుదుపు తగిలినప్పుడల్లా గిట్టీ (స్క్రూ పట్టు కోసం గోడ రంధ్రంలో పెట్టే ప్లాస్టిక్ ముక్క) చుట్టూ ఇసుక రేణువులు రెండు మూడు రాలతాయి. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. పై స్క్రూలు ముందు వదులవుతాయి, ఎందుకంటే ముందుకు వాలే బలమంతా వాటి మీదే. పొడుగాటి హుక్కులైతే ఇంకా త్వరగా: గోడకు 2 అంగుళాల దూరంలో వేలాడే గ్రైండర్ కంటే 6 అంగుళాల దూరంలో వేలాడే అదే గ్రైండర్ మూడు రెట్లు ఎక్కువగా బోర్డును ముందుకు లాగుతుంది. దానికి తోడు ఎండాకాలంలో పచ్చి చెక్క రీపరు ఎండి సన్నబడుతుంది, స్క్రూ తల కింద సందు పడుతుంది. ఏప్రిల్, మే దాటాక బోర్డు వాలిందని ఎవరైనా చెబితే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇక హుక్కులు ఎందుకు ఊడతాయంటే, బోర్డు పైన ముందుకు వాలగానే హుక్కు కొన కిందికి చూస్తుంది. పనిముట్టు కొనకు జారుతుంది. తీసేటప్పుడు బోర్డే కదులుతుంది, హుక్కు కాలు బయటికి వస్తుంది. కొత్త హుక్కులు కొన్నా ఇదే జరుగుతుంది.

చెయ్యకూడనివి ముందు చెబుతాను. రంధ్రంలో అగ్గిపుల్లలు కుక్కడం, చెక్క మేకు దిగ్గొట్టడం, ఎం-సీల్ (పిసికి పెడితే గట్టిపడే ముద్ద) నింపి మళ్లీ అదే స్క్రూ తిప్పడం, అదే చోట ఇంకాస్త లావు గిట్టీ పెట్టడం. ఇవన్నీ నలిగిపోయిన పూతనే మళ్లీ పట్టుకోమంటాయి. నెల ఆగుతుంది, మళ్లీ వాలుతుంది, ఈసారి పూత పెచ్చుతో సహా.

సరైన పని ఇలా. పనిముట్లు దించి బోర్డు విప్పండి, రీపర్లు కూడా తీసేయండి. పాత రంధ్రాల పక్కన గోడను స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోండి. టక్ టక్ అంటే పూత పట్టుకుని ఉంది. డబ్ డబ్ అని గుల్లగా మోగితే అక్కడ పూత ఇటుకను వదిలేసింది, ఆ చోటు వద్దు. స్విచ్ బోర్డుకు సరిగ్గా పైనా కిందా కూడా వద్దు, కరెంటు పైపు గోడలో నిలువుగా అక్కడే వెళ్తుంది.

పాత రంధ్రానికి రెండున్నర మూడు అంగుళాలు జరిగి 8 మి.మీ. బిట్టుతో డ్రిల్ మొదలుపెట్టండి. కింద ఒక తెల్ల కాగితం మడిచి టేపుతో అంటించి, రాలే పొడి రంగు చూడండి. మొదట తెల్లగా వస్తుంది, అది లప్పం. తర్వాత బూడిదరంగు, అది ప్లాస్టరింగ్. ఎర్రపొడి మొదలైన క్షణం ఆపండి. బిట్టు గోడలోకి ఎంత దిగిందో కొలవండి. ఆ గోడ పూత మందం అదే, మిగతా లెక్కంతా దాని మీదే ఆధారపడుతుంది. ఎర్రపొడి రాకుండా బిట్టు మెత్తగా దిగిపోతూ బూడిదరంగే వస్తుంటే రెండు ఇటుకల మధ్య సందులో పడ్డారు. 40 మి.మీ. పైకో కిందికో జరిగితే ఇటుక దొరుకుతుంది.

పూత 20 మి.మీ. అనుకుంటే, రంధ్రం లోతు 80 మి.మీ. కావాలి. బిట్టు మీద అక్కడ టేపు చుట్టుకోండి. పొడిని సైకిల్ పంపుతో ఊదేయండి. పొడి మిగిలితే గిట్టీ బిగుసుకోదు, గుండ్రంగా తిరుగుతుంది. 40 మి.మీ. గిట్టీని గోడ ముఖానికి సమంగా ఆపేయకండి, అందరూ ఆపేది అక్కడే. స్క్రూను గిట్టీలో రెండు చుట్లు తిప్పి, దాని తల మీద సుత్తెతో మెల్లగా కొడుతూ గిట్టీ మొత్తం పూత దాటి ఇటుకలోకి పోయేదాకా దింపండి. స్క్రూ 10 నంబరు, 4 అంగుళాలది. 25 రీపరుకు, 20 పూతకు, 40 గిట్టీకి, మిగతాది గిట్టీ దాటి వెళ్లడానికి.

రీపరులో ముందే 5 మి.మీ. రంధ్రం వెయ్యాలి. స్క్రూ పళ్లు చెక్కను పట్టకూడదు. పడితే రీపరు గోడకు ఆనకుండానే స్క్రూ బిగిసినట్టు అనిపిస్తుంది, లోపల సందు అలాగే ఉండిపోతుంది. తల కింద వాషర్ వెయ్యండి. 4 అడుగులకు 2 అడుగుల బోర్డుకు నిలువు రీపర్లు నాలుగు, 400 మి.మీ.కొకటి, ఒక్కోదానికి మూడు స్క్రూలు. పాత రంధ్రాలు లప్పంతో పూడ్చేస్తే చాలు.

ఎర్రపొడి అసలు రాకపోతే

కొత్త అపార్టుమెంట్లలో చాలా గోడలు ఏఏసీ బ్లాకులవి, అందరూ లైట్ వెయిట్ బ్రిక్స్ అనేవి. పూత దాటగానే బిట్టు వెన్నలో దిగినట్టు దిగుతుంది, పిండిలాంటి తేలికపాటి తెల్లపొడి వస్తుంది. ఇక్కడ డ్రిల్లింగ్ మెషిన్ హ్యామర్ బొమ్మ మీద ఉంటే వెంటనే మామూలు తిప్పుడుకు మార్చండి. హ్యామర్ కొడితే 8 మి.మీ. బిట్టుకు 10 మి.మీ. రంధ్రం పడుతుంది, ఇక ఏ గిట్టీ పట్టదు. మామూలు గిట్టీ వద్దు, ఏఏసీ కోసం చేసినదో పొడుగాటి నైలాన్ ఫ్రేమ్ ఫిక్సింగో (స్క్రూతో కలిపి వచ్చే పొడుగు గిట్టీ) అడిగి తెచ్చుకోండి. బ్లాకులోకి 60 మి.మీ. అయినా దిగాలి.

బరువు పనిముట్లు ఎక్కువుంటే ఇంకా మంచి దారి ఒకటుంది. నిలువు రీపర్లను బోర్డు దగ్గరే ఆపకుండా నేలదాకా దించండి. బరువంతా నేల మోస్తుంది, రీపర్లు వాలకుండా గోడ పట్టుకుంటే చాలు. కాళ్ల కింద తాండూరు బండ ముక్కలు పెట్టండి, లేకపోతే పార్కింగ్ కడిగిన నీళ్లు చెక్క పీల్చుకుంటుంది.

బోర్డు మధ్యలో పొట్ట వచ్చింది

3 మి.మీ. హార్డ్‌బోర్డుకు రెండు చివర్లే బిగిస్తే పొట్ట రాక తప్పదు. మధ్యలో రీపరు చేర్చండి. ఎండీఎఫ్ (చెక్క పొట్టును నొక్కి చేసిన బోర్డు) అయితే జూన్ తర్వాత తేమకు ఉబ్బుతుంది. ముందువైపు మాత్రమే పెయింటు కొట్టిన బోర్డు ఇంకా ఎక్కువ వంగుతుంది, వెనకవైపు తేమ పీల్చుకుంటుంది కాబట్టి. రెండు వైపులా, అంచులకూ ప్రైమర్ కొట్టాలి. కొత్తగా కొంటుంటే 6 మి.మీ. ప్లైవుడ్డుకైనా వెళ్లండి.

పనిముట్లకు తుప్పు పడుతోంది

హుక్కు తగిలే చోటే గీతలా పడితే హుక్కుకు ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడగండి. అంతటా పడుతుంటే గోడ చెమ్మది. బోర్డు చుట్టూ బీడింగ్ కొట్టి మూసేసి ఉంటే పైనా కిందా తెరవండి, వెనకనుంచి గాలి ఆడాలి. బోర్డు కింది అంచు నేలకు 3 అడుగుల పైన ఉంటే కారు కడిగిన నీళ్లు చిందవు. వానాకాలం ముందోసారి, మధ్యలో ఓసారి కుట్టు మిషన్ నూనె గుడ్డతో తుడవండి.

అన్నీ బిగించాక కూడా పనిముట్లు బల్ల మీదే ఉంటున్నాయి

చూడటానికి అందంగా అమర్చారు, చేతికి అందేలా అమర్చలేదు. రోజూ వాడేవి నడుముకూ భుజానికీ మధ్య, పనిబల్లకు కుడిచేతి వైపు ఉండాలి. ఎడమచేతి వాటమైతే ఎడమ. బరువైనవి కింది వరసలో, పొట్టి హుక్కులకు, అదీ రీపరుకు దగ్గరగా. ఒక్క చేత్తో, చూడకుండా తిరిగి తగిలించగలరా అన్నదే పరీక్ష. పానాల సెట్టుకు ఒక్కోదానికి ఒక్కో హుక్కు పెట్టి సగం బోర్డు తినేయకండి, సైజుల వరసలో స్టాండుకు గుచ్చండి. పనిముట్ల చుట్టూ మార్కర్ గీతలు మొదటి రోజే గీయకండి. రెండు వారాలు వాడితే సగం చోట్లు మారతాయి, అప్పుడు గీయండి.

అరుదుగా వచ్చేవి

రీపరుకు చెదలు పడితే ఆ ముక్క మార్చి, గోడకు మందు కొట్టించండి. పాత ఇళ్ల ప్రహరీ రాతి గోడైతే మామూలు డ్రిల్ దిగదు. రాళ్ల మధ్య సందులో గిట్టీ పెట్టే ప్రయత్నం చెయ్యకుండా రీపర్లను నేలదాకా దించి, పైన ఒకటి రెండు చోట్ల మాత్రం ఎస్‌డీఎస్ మెషిన్‌తో (గట్టిగా కొడుతూ తిరిగే పెద్ద డ్రిల్) రాయిలోకి డ్రిల్ వేయించండి.