దసరాకు పాలపిట్టను చూడాలా? పంజరం దగ్గరికి మాత్రం పోకండి

ఎంగిలిపూల బతుకమ్మ దగ్గరికొస్తోందంటే నాకు పాలపిట్టల టెన్షన్ మొదలవుతుంది. దసరా నాడు దాన్ని చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని మన నమ్మకం. అజ్ఞాతవాసం ముగించుకుని వస్తున్న పాండవులకు దారిలో పాలపిట్ట కనిపించిందని, ఆ తర్వాత వాళ్లకు అన్నీ విజయాలేనని పెద్దవాళ్లు చెప్తారు. అప్పట్లో పండగ రోజు ఊరి పొలిమేర దాటి చేన్ల గట్ల మీదికి పోయి చూసి వచ్చేవాళ్లు. హైదరాబాద్‌లో మన గల్లీల పక్కన చేన్లు ఎక్కడున్నాయి? అందుకే కొందరు పిట్టనే పట్టుకొచ్చి గుడి ముందు పెడుతున్నారు, మనం డబ్బులిచ్చి చూసి దండం పెట్టుకుని వస్తున్నాం.

మూడేళ్ల కింద మా కాలనీ గుడి దగ్గర అలాంటి పంజరం చూశాను. పైన ఎర్రగుడ్డ, పది రూపాయలిస్తే పక్కకు తీస్తాడు. లోపల పిట్ట నోరు తెరిచి రొప్పుతోంది, కాళ్లకు నల్లదారం కట్టి ఉంది, తోకకు బంక అంటుకుని మట్టి పేరుకుంది, ఎగిరేటప్పుడు మెరవాల్సిన ఆ నీలి ఈకలను సగానికి కత్తిరించేశారు. చూడలేక మూడు వందలిచ్చి కొన్నాను. ఇంటికి తెచ్చి పెసలు, నీళ్లు పెడితే ముట్టలేదు. తెల్లారేసరికి చెప్పుల డబ్బాలో చనిపోయి ఉంది. పాలపిట్ట గింజలు తినదని, మిడతలు, పురుగులే దాని తిండి అని నాకు అప్పటిదాకా తెలియదు. పండగకు కొన్ని రోజుల ముందే పట్టి పంజరంలో పెట్టిన పిట్ట ఏం తిని బతుకుతుంది చెప్పండి.

కాబట్టి అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే, జాలితో కూడా కొనొద్దు. మీరిచ్చిన డబ్బుతో వచ్చే ఏడాది ఇంకో నాలుగు పిట్టలకు బంక పుల్లలు (పిట్ట వాలితే అతుక్కుపోయేలా బంక రాసిన పుల్లలు) పెడతారు. కొని గాల్లోకి వదిలేయడం కూడా పుణ్యం కాదు, రెక్కలు కత్తిరించిన పిట్ట రెండు గజాలు పోయి పడుతుంది, కాకులో కుక్కలో చూసుకుంటాయి.

పాలపిట్ట మన తెలంగాణ రాష్ట్ర పక్షి, ఉమ్మడి రాష్ట్రంలోనూ ఇదే. 2023లో వచ్చిన ఒక నివేదిక కోసం దేశమంతటా 30 వేల మంది పక్షులను చూసేవాళ్లు రాసిపెట్టిన లెక్కలు తీసుకున్నారు. అందులో 30 శాతానికి పైగా తగ్గిపోయిన పక్షుల్లో పాలపిట్ట కూడా ఉంది. పంజరాలొక్కటే కారణమని నేను అనను, తినే పురుగులు మందులకు పోతున్నాయి, గూడు పెట్టే తొర్రలున్న పాత చెట్లను కొట్టేస్తున్నారు. కానీ పంజరం మన చేతిలో ఉన్న పని, ఈ పండక్కే ఆపొచ్చు.

కాలనీలో మాట్లాడాల్సింది దసరా రోజు కాదు, ఇప్పుడే. ముందు పూజారిగారిని, గుడి కమిటీ వాళ్లను కలవండి. గుడి ముందు పంజరాలు పెట్టనివ్వమని మైకులో ఆయన ఒక్కసారి చెప్తే మనం వాట్సాప్‌లో వంద మెసేజ్‌లు పెట్టిన దానికంటే ఎక్కువ పనిచేస్తుంది. బతుకమ్మ ఆడే తొమ్మిది సాయంత్రాలూ ఆడవాళ్లంతా ఒకచోటే ఉంటారు, అక్కడ రెండు నిమిషాలు చెప్పండి. మా దగ్గర మా అత్తమ్మే చెప్పింది, “కట్టేసిన పిట్టను చూస్తే మంచెట్ల జరుగుతదమ్మా” అని, దాంతో సగం మంది ఆలోచనలో పడ్డారు. వాచ్‌మెన్‌కు, గేటు దగ్గర సెక్యూరిటీకి కూడా చెప్పి ఉంచండి.

అయినా ఎవరైనా పంజరంతో వస్తే మీద పడొద్దు, లాక్కోవద్దు, ఆ పెనుగులాటలో ముందు చచ్చేది పిట్టే. ఒక్కోసారి పంజరం పట్టుకుని కూర్చునేది పదేళ్ల పిల్లాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం అన్నీ నేరమే. అటవీశాఖ నంబర్ ముందే ఫోన్‌లో వేసుకుని, ఎక్కడ ఉన్నారో స్పష్టంగా చెప్పి, వాళ్లు వచ్చేదాకా దూరం నుంచి కనిపెట్టుకుని ఉండండి. రీల్స్ తీసి పెట్టొద్దు, అది చూసి ఇంకో పది మంది పంజరం ఎక్కడని అడుగుతారు.

దెబ్బ తగిలిన పిట్ట దొరికితే అట్టపెట్టెకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, లోపల పాత నూలు బట్ట పరిచి, పిట్టను ఉంచి మూసేయండి. చీకటిగా, చప్పుడు లేకుండా ఉండాలి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, అన్నం వద్దు. బంక వదిలించాలని కిరోసిన్, పెట్రోల్ అసలు రాయొద్దు, ఈకలు లాగొద్దు. వెంటనే అటవీశాఖ వాళ్లకో, పక్షులకు వైద్యం తెలిసిన రెస్క్యూ వాళ్లకో అప్పగించండి, పిల్లలు ముచ్చటపడుతున్నారని ఒక పూట కూడా ఆపొద్దు.

ఇక చూడటం సంగతి. పోయిన ఏడాది గుడి దగ్గరికి పంజరంతో వచ్చే ఆయనతోనే పండగకు ముందు మాట్లాడాం. “అన్నా, పట్టుకురావొద్దు, తీగ మీద కూర్చున్నదాన్ని చూపియ్యి, ఆ పైసలు మేమే ఇస్తం” అన్నాం. మొదట నమ్మలేదు. దసరా పొద్దున శామీర్‌పేట దాటాక పొలాల పక్కకు తీసుకుపోయాడు, మూడు కార్లలో పద్నాలుగు మందిమి. ఏ చెట్టు మీద ఏ పిట్ట ఎప్పుడు వాలుతుందో మాలో ఎవరికీ తెలియనంత ఆయనకు తెలుసు.

మీరు పోతే పొద్దున ఆరున్నర, తొమ్మిది మధ్య పోండి. హిమాయత్‌సాగర్ చుట్టుపక్కల, చిలుకూరు దారిలో, ఎక్కడ చేన్ల మీదుగా కరెంటు తీగలుంటే అక్కడ నెమ్మదిగా వెతకండి. కూర్చున్నప్పుడు గోధుమరంగు ఎదతో మామూలు పిట్టలా ఉంటుంది, చాలామంది చూసి కూడా గుర్తుపట్టరు. రెక్కలు చూడాలని రాయి విసరొద్దు, హారన్ కొట్టొద్దు. కారు దిగకుండా పది నిమిషాలు ఓపిక పట్టండి, మిడత కనిపిస్తే అదే కిందికి దూకుతుంది, అప్పుడు విప్పుతుంది ఆ నీలం. ఆ రోజు కనిపించకపోతే జమ్మి ఆకు పంచుకుని వచ్చి, మర్నాడు పొద్దున మళ్లీ పోండి.